మొదటి గంట బిడ్డని నా మీదే ఉంచమని డాక్టర్ని అడగొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కందుకూరు దగ్గర పల్లె. ఇప్పుడు నాకు ఏడో నెల, రెండో కాన్పు. మొదటి పాపకి పెద్దాపరేషన్ అయింది. పొద్దున పుట్టిన పాపని ఒక్కసారి చూపించి తీసకపోయారు, మళ్లీ నా పక్కలోకి వచ్చేసరికి రాత్రయింది, అప్పటికే డబ్బా పాలు పట్టేశారు. తర్వాత ఎంత చేసినా పాప రొమ్ము సరిగ్గా పట్టలేదు, మూడో నెలకల్లా పాలు ఆగిపోయినయ్. మా అత్తమ్మ "నీది పాలు పడే ఒళ్లు కాదు, ఈసారి డబ్బా ముందే తెచ్చిపెట్టుకుందాం" అంటోంది. ఈసారి కూడా నెల్లూరులో ఆపరేషనే అన్నారు, రోహిణి కార్తెలో డేట్. పుట్టగానే బిడ్డని తల్లి ఒంటి మీద వేస్తే పాలు బాగా పడతాయని విన్నా, నిజమేనా? ఆపరేషన్ అయినోళ్లకి కుదురుద్దా? మా ఆయన ఇదంతా ఫారినోళ్ల ఫ్యాషన్ అంటున్నాడు. డాక్టర్ని అడిగితే ఏమనుకుంటారో అని భయం.

జవాబు: చెల్లీ, నీ లెటర్ రెండుసార్లు చదివాను. మిగతావన్నీ తర్వాత, ముందు మీ అత్తమ్మ అన్న ఆ మాట సంగతి చూద్దాం. కొంతమందికి థైరాయిడ్ వల్లో, రొమ్ముకి ఎప్పుడన్నా ఆపరేషన్ జరిగుంటేనో, ఇంకేదన్నా హార్మోన్ తేడా వల్లో నిజంగానే పాలు తక్కువ పడతాయి, లేదనను, కానీ అట్టాంటోళ్లు తక్కువ. నీకు మూడో నెల దాకా ఎంతో కొంత వచ్చాయని నువ్వే రాశావు, అంటే నీ ఒంటికి పాలు చెయ్యడం వచ్చు. కాకపోతే ఆ పాలు తాగాల్సిన బిడ్డ టైంకి నీ దగ్గరికి రాలేదు, పొద్దున పుట్టి రాత్రికి వచ్చింది, వచ్చేసరికే డబ్బా పాలతో కడుపు నిండి మత్తుగా నిద్రపోతా ఉంది, ఆ తర్వాత ప్రతిసారీ అట్టాగే ముందు డబ్బా తర్వాత నువ్వు అయ్యుంటది. ఇందులో నీ తప్పు యాడుందో చెప్పు.

నేను ఒంగోలు వైపు, నెల్లూరు వైపు లేబర్ రూముల్లో స్టాఫ్ నర్సుగా 26 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మొదట్లో మేమూ అట్టాగే చేసేవాళ్లం. బిడ్డ పుట్టగానే బొడ్డు కోసి, తుడిచి, తూకం వేసి, గుడ్డలో బిగించి చుట్టి వార్మర్ (వేడి తగిలే మిషన్) కింద పెట్టడమో బయట అమ్మమ్మ చేతికి ఇవ్వడమో, తల్లికి కుట్లు అయ్యి వార్డుకి మార్చాక అప్పుడు తీరిగ్గా బిడ్డని పక్కలో వెయ్యడం. అదే శుభ్రమైన పద్ధతని మాకు నేర్పారు, మేమూ నమ్మాం. ఎంతమంది తల్లుల దగ్గర ఆ గంట నా చేతులతో లాగేసుకున్నానో తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటది, అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మీ ఇంట్లో బర్రె లేకపోయినా ఊళ్లో చూసే ఉంటావు. పాలు పిండేముందు దూడని వదుల్తారు, అది రెండు గుటకలు తాగి పొదుగుని మూతితో కుమ్మితే అప్పుడు బర్రె చేపుద్ది. దూడ చచ్చిపోయిన బర్రె పొదుగు నిండా పాలున్నా ఒక్కోసారి చేపదు, ఎంత పిండినా రాదు, మనోళ్లు నానా తంటాలు పడతారు. చేపడం అనే మాట మన పల్లెల్లో ఎప్పట్నించో ఉంది, దాని వెనక ఉండే హార్మోన్‌ని డాక్టర్లు ఆక్సిటోసిన్ అంటారు, బర్రెకైనా మనిషికైనా అదే. బిడ్డ ఒళ్లు తల్లి ఒంటికి తగిలినా, ఆ చిన్న చేతులు రొమ్ము మీద ఆడినా, చీకడం మొదలెట్టినా ఆక్సిటోసిన్ వస్తది, పాలు చేపుకొస్తాయి, దానితోనే గర్భసంచి కూడా ముడుచుకుని బ్లీడింగ్ తగ్గుద్ది. పాలు తయారుచేసేది ఇంకో హార్మోన్, ప్రొలాక్టిన్. బిడ్డ ఎన్నిసార్లు చీకితే అంత ఊరుద్ది, రాత్రిపూట ఇంకా ఎక్కువ. అంటే పాలు పడ్డాక బిడ్డని పెట్టుకోవడం కాదు, బిడ్డని పెట్టుకుంటేనే పాలు పడతాయి. మొదటిసారి నీకు ఇదే తిరగబడింది.

ఇప్పుడు ఆ మొదటి గంటలో ఏం జరుగుద్దో చెప్తా. బిడ్డని బాగా తుడిచి, గుడ్డ చుట్టకుండా ఉత్త ఒంటితో తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, వీపు మీద పొడి గుడ్డ కప్పి తలకి టోపీ పెడతారు. బిడ్డ కాసేపు ఏడ్చి ఊరుకుంటది. తర్వాత కళ్లు తెరుస్తది, చెయ్యి నోట్లో పెట్టుకుంటది, పెదాలు చప్పరిస్తది, మళ్లీ కాసేపు రెస్ట్. ఆ తర్వాత కాళ్లతో తల్లి పొట్టని తన్నుకుంటా మెల్లిగా పాక్కుంటా పైకి వస్తది, రొమ్ముని నాకుద్ది, వెతుక్కుని తనంతట తనే పట్టుకుంటది. దీన్ని స్వీడన్‌లో పరిశోధకులు 1987లో గమనించి రాశారు, ఆ తర్వాత చాలా దేశాల్లో చూశారు. చనుమొన చుట్టూ నల్లగా ఉండే చోట చిన్న చిన్న గ్రంథులుంటాయి, వాటి వాసన బిడ్డ కడుపులో ఉన్నప్పటి ఉమ్మనీటి వాసనకి దగ్గరగా ఉంటదంటారు, అందుకే ఆ టైంలో రొమ్ముని సబ్బు పెట్టి కడగొద్దని, బిడ్డ చేతులు మరీ తుడిచెయ్యొద్దని చెప్తాం. నేను మొదటిసారి ఇది చూసింది కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల కాన్పులో, ఎవరం చెయ్యి వెయ్యలా, 50 నిమిషాలకి బిడ్డ పట్టేసింది, ఆ పిల్ల ఏడుస్తా నవ్వుతా ఉంది, నాక్కూడా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి.

ఇందులో అసలు కిటుకు ఏందంటే పుట్టిన మొదటి గంట, రెండు గంటలు బిడ్డ బాగా మెలకువగా ఉంటది, ఆ తర్వాత చాలాసేపు నిద్రపోతది. ఆ మెలకువ టైం వార్మర్ కింద పోతే, నిద్రలో ఉన్న బిడ్డని లేపి నోట్లో పెట్టాల్సొస్తది, అది తల్లికీ కష్టం బిడ్డకీ కష్టం. అట్టా అని గంట దాటితే అంతా పోయిందని కాదు, ఎప్పుడు దొరికితే అప్పుడే గుండె మీద వేసుకోవచ్చు, మూడో రోజైనా పదో రోజైనా పనిచేస్తది, ఇది గుర్తుపెట్టుకో.

ఒక్క పాల కోసమే కాదమ్మా ఇది. తల్లి ఒంటి వేడితో బిడ్డ ఒళ్లు చల్లబడకుండా ఉంటది, గుండె, ఊపిరి నిదానపడతాయి, షుగర్ పడిపోకుండా నిలబడుద్ది, ఏడుపు తగ్గుద్ది. 2016లో కోక్రేన్ అని వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ వాళ్లు 46 పరిశోధనలు ఒకచోట చేర్చి చూస్తే, పుట్టగానే ఇట్టా ఒంటికి ఒళ్లు ఆనించిన తల్లులు తర్వాత నెలల్లో కూడా పాలిస్తా ఉండడం ఎక్కువగా కనపడింది, అందులో ఆపరేషన్ అయిన తల్లులూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1991లో ఆసుపత్రుల కోసం ఒక కార్యక్రమం పెట్టాయి, అందులో 10 మెట్లుంటాయి, నాలుగో మెట్టు ఇదే, పుట్టిన వెంటనే బిడ్డని తల్లి ఒంటికి ఆనించి మధ్యలో తియ్యకుండా ఉంచడం, వీలైనంత త్వరగా రొమ్ము పట్టించడం. మన దేశంలో కూడా 2016 ఆగస్టులో ‘మా’ (అంటే అమ్మ) అనే పేరుతో కేంద్రం ఇదే పనికి ఒక ప్రోగ్రాం మొదలెట్టింది. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతుంటే మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. ఆసుపత్రికి పోతన్నాం, డాక్టర్లున్నారు, నర్సులున్నారు, అయినా సగం మందికి పైగా ఆ గంట దక్కట్లేదు, నాకు ఇది మామూలు విషయంగా అనిపించదు.

ఇక మా మరిదికి చెప్పు, ఇది డబ్బున్న దేశాల ఫ్యాషన్ కాదు అని. బిడ్డని తల్లి గుండెకి కట్టి పెంచే కంగారూ పద్ధతి పుట్టింది కొలంబియా దేశంలో బొగోటా అనే ఊళ్లో, 1978లో. అక్కడి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు (నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు) చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టాల్సొచ్చేది, ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యేవి, అప్పుడు ఎడ్గర్ రే అనే డాక్టర్ తల్లుల గుండెలనే ఇంక్యుబేటర్లుగా వాడాడు. లేనితనంలోంచి పుట్టిన వైద్యం ఇది. 2021లో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన బయటికొచ్చింది, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు పుట్టిన పిల్లల్ని ఒళ్లు కుదుటపడేదాకా ఆగకుండా వెంటనే తల్లి గుండె మీద పెడితే, నెలలోపు చనిపోయే పిల్లలు 100కి దాదాపు 16 మంది నుంచి 12కి తగ్గారు. కిలో బిడ్డకే అంత మేలు చేసేది నెలలు నిండిన నీ బిడ్డకి ఫ్యాషన్ ఎట్టా అవుద్ది?

ఆపరేషన్‌లో కుదురుద్దా అని అడిగావు. కుదురుద్ది. ఇప్పుడు ఎక్కువమందికి నడుముకి ఇంజెక్షన్ ఇచ్చే చేస్తారు, నువ్వు మెలకువగానే ఉంటావు, కింద కుట్లు వేస్తంటేనే పైన గుండె మీద బిడ్డని అడ్డంగా పడుకోబెట్టొచ్చు, చిన్నపిల్లల డాక్టర్ చూసి బిడ్డ బాగుందంటే చాలు. ఓటీలో, అంటే ఆపరేషన్ గదిలో, ఏసీ చలి కాబట్టి వీపు మీద మందం గుడ్డ, టోపీ తప్పనిసరి. అక్కడ కుదరదంటే రికవరీ రూంలో అడుగు, అదీ గంట లోపే జరగొచ్చు. ఒకవేళ పూర్తి మత్తు ఇవ్వాల్సొస్తే నీకు తెలివొచ్చి బిడ్డని పట్టుకునే ఓపిక రాగానే పెట్టుకోవచ్చు, అప్పటిదాకా మీ ఆయన చొక్కా విప్పి బిడ్డని తన గుండె మీద వేసుకోవాలి. నవ్వులాటకి చెప్పట్లేదు, తండ్రి ఒంటి వేడి కూడా బిడ్డకి పనికొస్తది, పాలొక్కటే ఇవ్వలేడు. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఇచ్చే నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ చాలావరకు పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేనివే, ఏదైనా డౌట్ ఉంటే డాక్టర్నే అడుగు గానీ నీ అంతట నువ్వు పాలు ఆపొద్దు. కుట్లు నొప్పి కదా అని భయపడకు, పక్కకి తిరిగి పడుకునో, బిడ్డని చంక కింద నుంచి కాళ్లు వెనక్కి పోయేట్టు పట్టుకునో ఇస్తే పొట్ట మీద బరువు పడదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నా. బిడ్డ నీ మీద ఉన్నంతసేపు ముక్కు, నోరు కనపడతా ఉండాలి, తల ఒక పక్కకి తిరిగి ఉండాలి, మెడ ముందుకి మడత పడకూడదు, ఒంటి రంగు బాగుందా ఊపిరి తీస్తోందా అని పక్కన ఒక మనిషి మెలకువగా చూస్తా ఉండాలి. ఆపరేషన్ అలసటలో నీకు నిద్ర ముంచుకొస్తది, అప్పుడు బిడ్డని గుండె మీద ఒంటరిగా వదలకూడదు. ఈ పని మీ అత్తమ్మకి ఇవ్వు. ఆమె చెడ్డది కాదమ్మా, ఆమె రోజుల్లో ఆమెకి ఎవరు ఏం చెప్పారో అదే నీకు చెప్తోంది, మనవడో మనవరాలో ఆకలికి ఏడుస్తదేమో అని ఆమె భయం. బిడ్డని కనిపెట్టుకుని ఉండే పని ఇచ్చి చూడు, ఆమే నర్సుతో పోట్లాడి ఇంకో అరగంట ఉంచమంటది, నేను ఇట్టాంటి అత్తల్ని చాలామందిని చూశా.

ఆమె ముర్రుపాలు పిండెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు. ఒంగోలు జాతి ఆవుల్ని పెంచే రైతు ఈనిన వెంటనే ముందు దూడకి ముర్రుపాలు తాపుతాడు, తర్వాతే జున్నుకి చెంబు పెడతాడు, దూడ బతకాలంటే అదే ఆధారం అని వాళ్లకి తెలుసు. అదే మనింట్లో ఆడపిల్ల కాన్పు అయితే పచ్చగా చిక్కగా ఉన్నాయి, చెడ్డపాలు అని పారబోయిస్తాం. అందులో రోగాల్ని అడ్డుకునే యాంటీబాడీలు, విటమిన్ ఏ దండిగా ఉంటాయి. పుట్టిన బిడ్డ మొదట పోయే నల్ల దొడ్డి బయటికి పోవాలని ఆముదం నాకిస్తారు చూడు, ఆ పని ముర్రుపాలే చేస్తాయి. తేనె అయితే ఏడాది నిండేదాకా అస్సలు వద్దు, అందులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి పసిపిల్లల కండరాలు చచ్చుబడేట్టు చేస్తది. గాడిద పాలు, వస, చక్కెర నీళ్లు ఏవీ వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, రెండో రాత్రి. మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది, ఒక్కోసారికి టీస్పూను ముర్రుపాలు సరిపోతాయి. రెండో రోజు రాత్రికి బిడ్డ గంటకోసారి, అరగంటకోసారి లేస్తది, రొమ్ము వదిలితే ఏడుస్తది, తెల్లార్లూ ఇదే వరస. ఇంట్లో అందరూ "పాలు లేవు, బిడ్డ మాడిపోతోంది" అంటారు, ఎవరో ఒకరు మెడికల్ షాపుకి పరిగెత్తుతారు, డబ్బా ఓపెన్ అయ్యేది ఎక్కువగా ఆ రాత్రే. నిజానికి బిడ్డ అట్టా పదే పదే చీకి నీ ఒంటికి ఆర్డర్ పెడతా ఉంది, రేపు ఎల్లుండికి పాలు కావాలని. మూడో రోజుకో నాలుగో రోజుకో రొమ్ములు బరువెక్కి పాలు పడతాయి, ఆపరేషన్ అయినోళ్లకి ఒక రోజు అటూ ఇటూ అవ్వొచ్చు. ఆ రాత్రి లైటు తగ్గించి, జాకెట్టు తీసి, బిడ్డ గుడ్డలు విప్పి మళ్లీ గుండె మీద వేసుకో, పక్కన ఒకరు మేలుకోవాలి, రెండు రొమ్ములూ మార్చి మార్చి ఇవ్వు. రోజుకి 8 నుంచి 12 సార్లు ఇవ్వడం మామూలు. పాలు సరిపోతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, ఒంటేలుని బట్టి చూడు, అయిదారు రోజులకల్లా రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువసార్లు పోస్తా ఉంటే, దొడ్డి నల్లది పోయి పసుప్పచ్చగా మారితే బాగా అందుతున్నట్టే. మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలి. పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గినా, బిడ్డ పాలకి కూడా లేవకుండా మత్తుగా పడుకున్నా, ఒంటేలు పొయ్యకపోయినా, పసుపు రంగు అరచేతులు అరికాళ్ల దాకా వచ్చినా, ఊపిరి వేగంగా తీస్తన్నా, జ్వరం వచ్చినా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

షుగర్ పడిపోయిందనో బరువు బాగా తగ్గిందనో డాక్టర్ పైపాలు రాస్తే ఇవ్వు, అందులో తప్పేం లేదు, అప్పుడు కూడా ముందు నీ పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టి, చాలకపోతేనే అవి. బిడ్డని ఐసీయూలో పెట్టాల్సొచ్చినా రెండు మూడు గంటలకోసారి పిండి పంపిస్తా ఉండు, రెండు చుక్కలైనా సరే. ఉగ్గుగిన్నె మరిగించి వాడు, సీసా జోలికి పోవద్దు, సీసాకి అలవాటు పడితే రొమ్ము పట్టడంలో మళ్లీ అదే తంటా. కారణం చెప్పకుండా ఎవరన్నా డబ్బా పేరు రాసిచ్చినా, ఉత్త పుణ్యానికి శాంపిల్ ఇచ్చినా తీసుకోవద్దు, పాలడబ్బాలకి ప్రచారం చెయ్యడం, తల్లులకి శాంపిళ్లు ఇవ్వడం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నేరం.

నీ కాన్పు రోహిణి కార్తెలో కాబట్టి ఇంకొకటి. ఆ ఎండల్లో "బిడ్డ నోరు ఎండిపోతది, నీళ్లు పట్టండి" అని వచ్చినోళ్లందరూ అంటారు. ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలల్లో దాదాపు 88 శాతం నీళ్లే, ఎండ ఎక్కువగా ఉంటే ఇంకో రెండుసార్లు పాలివ్వు. నీళ్లు కావాల్సింది నీకు. బాలింతకి పత్యం అని నీళ్లు కూడా కొలిచి ఇస్తారు మన వైపు, అట్టా వద్దు, డాక్టర్ తాగొచ్చు అన్న దగ్గర్నించి దాహమైనప్పుడల్లా తాగు. వెల్లుల్లి కారం తిను, కూరలు తిను, చేపలు తిను, పాలు పడతాయని రోజూ సొరచేప పెడితే మాత్రం వద్దను, అందులో పాదరసం ఎక్కువ ఉండొచ్చు, చిన్న చేపలు మంచివి.

డాక్టర్ ఏమనుకుంటారో అన్నావు. ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు. అయితే ఓటీ టేబుల్ ఎక్కాక అడిగితే ఎవరికీ తీరుబడి ఉండదు, ఇప్పుడే అడగాలి. వచ్చే చెకప్‌కి మీ ఆయన్ని కూడా తీసకపో, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని ఆయన చేతే చదివించు: మేడం, బిడ్డ బాగుంటే పుట్టగానే తుడిచి తల్లి గుండె మీద వెయ్యండి, కనీసం ఒక గంట తియ్యొద్దు, తూకం ఆ తర్వాత వెయ్యండి, స్నానం ఒక రోజు ఆగుదాం, మాకు చెప్పకుండా డబ్బా పాలు పట్టొద్దు. చదివాక ఆ కాగితం నీ ఫైల్‌లో పెట్టమని అడుగు. అడ్మిట్ అయిన రోజు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకి, మత్తు డాక్టర్‌కి ఇంకోసారి చెప్పండి, ఎందుకంటే ఆ టైంకి బిడ్డని చేతుల్లోకి తీసుకునేది వాళ్లే. కుదరదు అంటే ఎందుకు కుదరదో, మరి ఎంతసేపటికి ఇస్తారో అడగండి, గొడవ పడొద్దు, మర్యాదగా అడుగుతూనే ఉండండి. ముందు బొత్తాలుండే నైటీ పెట్టుకో. సెలైన్ సూది ఎడమ చేతికి పెట్టమని ముందే చెప్పు, కుడిచెయ్యి బిడ్డని పట్టుకోవడానికి ఉంటది.